చిన్న కెమెరా: కొన్నవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలి?

గోస్పాడు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఈవారం మొదలుపెడదాం. పొదుపు సంఘంలో దాచుకున్న డబ్బుతో ఓ చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కోవాలని ఆవిడ కోరిక. నంద్యాలలో ఉండే వదినగారు "చాలా బాగుంది, కళ్లు మూసుకుని కొనుక్కో" అన్నారట. ఆళ్లగడ్డలో ఉన్న పిన్నిగారేమో "శుద్ధ దండగ, మాది బీరువాలో పడి ఉంది" అన్నారట. ఇద్దరి దగ్గరా ఉన్నది ఇంచుమించు ఒకే రకం! పైగా "ఫోను ఉండగా ఇదెందుకు?" అని ఇంట్లో వాళ్ల నవ్వులు.

ముందు ఆ నవ్వుల సంగతి చూద్దాం. చాలా ఇళ్లలో మంచి ఫోను పొద్దున్నే శ్రీవారి జేబులో బయటికి వెళ్లిపోతుంది. సాయంత్రం వచ్చాక పిల్లల చేతికి పోతుంది. పాప గడప దాటిన వేళకు అది ఇంట్లో ఉండదు. ఎవరినీ అడగకుండా చేతికి అందే వస్తువు ఒకటి కావాలనుకోవడం దుబారా ఎలా అవుతుంది? అయితే మీకంటూ ఒక మంచి ఫోను ఉంటే మాత్రం, చవక కెమెరా కంటే అదే మెరుగైన ఫొటోలు ఇవ్వవచ్చు. అలాంటివారు ఈ ఖర్చు మానుకోండి.

ఇక కొన్నవాళ్ల మాట. బాగుందా, లేదా అని అడిగితే లాభం లేదు. "ఏ వెలుగులో తీశారు? ఎంత దూరం నుంచి తీశారు?" అని అడగండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. వదినగారు మహానంది వెళ్లి, కోనేటి గట్టున పట్టపగలు తీశారనుకోండి. ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. పిన్నిగారు రాత్రి పెళ్లిలో చివరి వరసలో కూర్చుని తాళి కట్టే ఘట్టం తీశారనుకోండి. ఫొటో నల్లగా, మసకగా వచ్చి తీరుతుంది.

కారణం చెబుతాను. ఈ చిన్న కెమెరాలు చాలావాటిలో వెలుగును పట్టే సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మన చిటికెన వేలి గోరు కంటే చిన్నది! అంత చిన్న గిన్నెలో ఎంత వెలుగు పడుతుంది? ఫ్లాష్ ఉంది కదా అంటారేమో. అది సాధారణంగా మూడు మీటర్ల వరకే పనిచేస్తుంది. అందుకే రాత్రిపూట దగ్గరికి వెళ్లి తీయాలి. ఇంట్లో తీసేటప్పుడు మనిషిని కిటికీ పక్కన, ముఖం మీద వెలుగు పడేలా కూర్చోబెట్టండి. ఖర్చులేని చిట్కా ఇది.

రెండో ఫిర్యాదు "రంగులు సరిగా రావు" అని. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర నల్లరాతి విగ్రహాన్ని దగ్గరగా తీసి చూడండి. రాయి బూడిద రంగులో వెలిసిపోయినట్టు వస్తుంది. ఎండలో ఆరేసిన తెల్ల పంచెను తీస్తే మాసినట్టు కనిపిస్తుంది. కెమెరా పాడైందనుకోకండి. ఎదురుగా ఏమున్నా దాన్ని నలుపు తెలుపుల మధ్య రంగుకు తేవాలని చూడటం దాని స్వభావం. చాలా కెమెరాల్లో ప్లస్, మైనస్ గుర్తులున్న ఒక మీట ఉంటుంది. నల్లటి వస్తువుకు మైనస్ వైపు, తెల్లటి వస్తువుకు ప్లస్ వైపు ఒకటి రెండు గీతలు జరపండి. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కెమెరాలు బీరువా ఎక్కాయో!

మెగాపిక్సెళ్ల లెక్కకు బెదిరిపోకండి. ఆరు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న మామూలు ఆల్బమ్ ఫొటోకు రెండు మెగాపిక్సెళ్లకు కాస్త పైన ఉంటే చాలు. గోడకు పెట్టుకునే పెద్ద ఫొటోకు ఎనిమిది తొమ్మిది సరిపోతాయి. కాబట్టి పేరులేని కెమెరా పెట్టెల మీద 48 అనీ, 64 అనీ కనిపించే అంకెలు చూసి మురిసిపోవద్దు. జూమ్ విషయంలో ఆప్టికల్ అన్న మాట ఉందా అని చూడండి. కటకం కదిలి దగ్గరికి తెచ్చేది అదే. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే. అప్పడాన్ని మరీ పలచగా వత్తితే ఏమవుతుందో తెలుసు కదా!

ఫోన్లు వచ్చాక చవక కెమెరాలు తగ్గిపోయాయి. కేసియో కంపెనీ 2018లో ఈ వ్యాపారమే మానేసింది. కొత్తవాటిలో కొడాక్ పిక్స్‌ప్రో రకాలు కనిపిస్తాయి. పేరు కొడాక్‌దే అయినా, ఆ పేరు వాడుకునే హక్కుతో వాటిని తెచ్చేది జె.కె. ఇమేజింగ్ అనే వేరే సంస్థ. అందుకని రిపేరు ఎక్కడ చేస్తారో బిల్లు రాయించకముందే అడగండి.

పాతది కొనేవారు మరో మూడు చూసుకోవాలి. ఒకటి, దాని బ్యాటరీ ఇప్పుడు దొరుకుతుందా? 2010లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ ఎ 490 లాంటివి రెండు పెన్ సెల్స్‌తో నడుస్తాయి కాబట్టి ఆ బెంగ లేదు. కానీ గోడగడియారంలో వేసే మామూలు సెల్స్ వేసి "నాలుగు ఫొటోలకే చచ్చిపోయింది" అనకండి. ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేయండి. రెండు, కార్డు. 2006కు ముందువి సాధారణంగా 2 జీబీ దాటిన ఎస్.డి. కార్డును తీసుకోవు. మూడు, తెల్లగోడను ఫొటో తీయించి చూడండి. మచ్చలు కనిపిస్తే లోపల దుమ్మో బూజో చేరినట్టే. వద్దని చెప్పి వచ్చేయండి.

ఒకప్పుడు రోలుకు 36 ఫొటోలే వచ్చేవి. "నీకు రాదు, రోలు దండగవుతుంది" అని ఆడవాళ్ల చేతికి కెమెరా ఇచ్చేవారు కాదు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. ఇప్పుడు వంద చెడగొట్టి ఒకటి నేర్చుకున్నా పైసా ఖర్చు లేదు. నేర్చుకునేవారికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఫొటోలు తీసే అమ్మ ఏ ఫొటోలోనూ ఉండదు! దానికీ ఉపాయముంది. టైమర్ మీట నొక్కి కెమెరాను కిటికీ గూట్లో పెట్టండి. పది సెకన్లు టైముంటుంది. వెళ్లి పిల్లల మధ్య నిలబడండి. బాగా వచ్చినవి నెలకు పదైనా స్టూడియోలో ప్రింటు వేయించండి. కార్డు చెడిపోతే బొమ్మలన్నీ పోతాయి. కాగితం మీదవి మనవల దాకా ఉంటాయి.

ఇక గోస్పాడు సోదరికి నా సలహా. ఇప్పుడే డబ్బు తీయకండి. పిన్నిగారి బీరువాలో ఉన్నది ఒక వారం అడిగి తెచ్చుకోండి. అన్నాళ్లూ సెల్స్ లోపలే ఉండిపోతే కారి ఉంటాయేమో ముందు చూడండి. పగలు కొన్ని, రాత్రి కొన్ని, పొలం దగ్గర కొన్ని తీయండి. పది ప్రింటు వేయించి పిన్నిగారికి చూపించండి. అవి చూసి ఆవిడ కెమెరా వెనక్కి అడిగితే మీరు కొత్తది కొనుక్కోండి. అడగకపోతే మీ పొదుపు మీ దగ్గరే ఉంటుంది!

వచ్చేవారం మిక్సీ జార్ల సంగతి మాట్లాడుకుందాం.