బిగ్‌బాస్ ఇల్లు, మన హాస్టలు

బిగ్‌బాస్ సీజన్ నడిచే మూడు నెలలూ మన వరండాల్లో వేరే చర్చ ఉండదు. "తప్పు వాడిదే" అని ఒకరంటే, "అందరూ కలిసి వాణ్ణి టార్గెట్ చేశారు" అని ఇంకొకరు. పెద్దవాళ్ళు దీన్ని పనికిమాలిన కాలక్షేపం అని కొట్టిపారేస్తారు. నేను అలా అనను. ఒకే కప్పు కింద ఉన్న మనుషుల్లో ఎవరు ఎవరితో కలుస్తారు, ఎవరిని దూరం పెడతారు అన్నది తప్పకుండా మాట్లాడుకోవాల్సిన విషయమే. చిన్నప్పుడే ఇల్లు వదిలి, పదిమందితో కలిసి ట్రంకు పెట్టెల మధ్య పెరిగిన మనకంటే ఆ సంగతి ఎవరికి బాగా తెలుసు? కాకపోతే మనం చర్చించే తీరు మీదే నాకు అభ్యంతరం.

ముందు ఆట సంగతి చూద్దాం. 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో పుట్టిన ఈ కార్యక్రమం 2006లో హిందీకి, 2017లో తెలుగుకి వచ్చింది. ఆ ఇంట్లో ఫోను ఉండదు, పేపరు ఉండదు, గడియారం ఉండదు. నామినేషన్ల రోజు వస్తే తోటివాళ్ళ పేర్లు చెప్పి తీరాలి. కారణం లేకపోతే వెతికి మరీ చెప్పాలి. అలాంటి చోట ముగ్గురు నలుగురు "మనలో మనం పేర్లు చెప్పుకోవద్దు" అనుకుంటే చాలు, గ్రూపు తయారైనట్టే. అందులో మంచితనం, చెడ్డతనం కంటే లెక్కే ఎక్కువ. పైగా రోజంతా జరిగింది మనకు టీవీలో గంటసేపే కనిపిస్తుంది. మిగతా గంటల్లో ఎవరు ఎవరికి అన్నం వడ్డించారో, ఎవరు ఎవర్ని ఓదార్చారో మనం చూడం.

ఓటు సంగతీ అంతే. మనం వేసే ఓటు ఒకరిని ఇంట్లో ఉంచడానికే పనికొస్తుంది. అంటే ఎక్కువమందికి నచ్చకపోయినా నష్టం లేదు, ప్రాణం పెట్టే అభిమానులు కొందరుంటే గట్టెక్కవచ్చు. గొడవ పడేవాళ్ళు వారం వారం నిలబడటానికి ఇదొక కారణం.

2018లో రెండో సీజన్ గుర్తుందా? ఇంట్లో ఎక్కువమంది కౌశల్‌కు ఎదురు తిరిగేకొద్దీ బయట 'కౌశల్ ఆర్మీ' పెరిగింది. చివరికి ఆయనే గెలిచాడు. ఒంటరిగా నిలబడ్డవాడి పక్షం వహించే మనసు మంచిదే. ఊరి చివర వాడల నుంచి వచ్చిన మనకు ఆ మనసు ఇంకా ఎక్కువ. కానీ ఆ పేరు చెప్పుకుని కొందరు సోషల్ మీడియాలో మిగతా పోటీదారుల మీద పడ్డారు. హోస్టుగా ఉన్న నానిని కూడా వదల్లేదు. గుంపును తిడుతూ బయలుదేరినవాళ్ళు తామే ఒక గుంపయ్యారు.

2023లో ఏడో సీజన్‌లో అది ఇంకా ముదిరింది. శివాజీ, ప్రశాంత్, యావర్ 'స్పై' బ్యాచ్ అట, శోభాశెట్టి, ప్రియాంక, అమర్‌దీప్ 'స్పా' బ్యాచ్ అట! అభిమానులు కూడా అలాగే రెండుగా చీలారు. రైతుబిడ్డనంటూ వచ్చిన పల్లవి ప్రశాంత్ గెలిస్తే మనలో చాలామందికి సొంత తమ్ముడు గెలిచినంత సంతోషం. అందులో తప్పు లేదు. కానీ డిసెంబర్ 17 రాత్రి ఫైనల్ అయ్యాక అన్నపూర్ణ స్టూడియో బయట ఏం జరిగింది? కుటుంబంతో వెళ్తున్న అమర్‌దీప్ కారు మీద దాడి జరిగింది. ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. కేసులు పెట్టారు. గెలిచిన ప్రశాంత్ కూడా అరెస్టయి, బెయిలు మీద బయటికి రావాల్సి వచ్చింది. ఆ బస్సులు ఎవరివి మిత్రులారా? జేబులో పాసు పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడే మనవి కావా?

చర్చ ఎలా ఉండాలో చెప్పే సంఘటన కూడా ఒకటుంది. 2007లో బ్రిటన్‌లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో జేడ్ గూడీ, ఆమెతో ఉన్న మరి ఇద్దరు కలిసి శిల్పాశెట్టి యాసను, వంటను ఎగతాళి చేశారు. నలభై వేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. అది జాత్యహంకారమా కాదా అని ఆ దేశమంతా వాదించుకుంది. అంటే చర్చ అన్న మాట మీద, చేసిన పని మీద జరిగింది. ప్రేక్షకులు జేడ్‌ను బయటికి పంపారు, శిల్ప గెలిచింది. మరుసటి ఏడాది శిల్ప హోస్టుగా ఉన్న హిందీ బిగ్‌బాస్‌కే జేడ్ వచ్చింది. క్యాన్సర్ అన్న కబురు ఆమెకు ఆ ఇంట్లోనే తెలిసింది. 2009లో చనిపోయింది. తప్పును తప్పు అనాల్సిందే. కానీ తప్పు చేసిన మనిషి కూడా మనిషేనని మరిచిపోకూడదు.

ఇక మన ఇంటి సంగతి. మనకూ బ్యాచ్‌లున్నాయి. జిల్లా పేరుతో, కోర్సు పేరుతో, చెప్పుకోవడానికి సిగ్గుపడాలి గానీ కులం పేరుతో కూడా ఉన్నాయి. కొత్తగా వచ్చిన తమ్ముడి యాసకు ఒక పేరు తగిలిస్తాం. మెస్ లైన్లో వాడి పక్కన ఎవరూ నిలబడరు. ఎవరూ కొట్టరు, తిట్టరు. గ్రూపు అనుకుంటే చాలు, వాడు ఒంటరి. బిగ్‌బాస్ ఇంట్లోంచి ఎలిమినేట్ అయినవాడికి బయట ఇంటర్వ్యూలుంటాయి. మన హాస్టల్లోంచి టీసీ తీసుకుని వెళ్ళినవాడికి బయట కూలిపని ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. నాకంటే బాగా చదివేవాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోవడం చూశాను. అందరూ డబ్బు లేకే వెళ్ళలేదు.

కాబట్టి మీకు నచ్చినవాళ్ళకు ఓటేసుకోండి, గొంతు పోయేలా వాదించుకోండి. అయితే వాడు ఏ బ్యాచ్ అని అడిగే ముందు వాడు ఏం చేశాడని అడగండి. మన బ్యాచ్‌వాడు అదే పని చేస్తే ఏమంటామో కూడా ఆలోచించండి. ఎపిసోడ్ అయిపోయి టీవీ కట్టేశాక, ఆ చర్చలో చేరకుండా గదిలో ఒక్కడే కూర్చున్న తమ్ముడెవరో ఒకసారి చూడండి. వాణ్ణి ఉంచడానికి ఓటింగ్ లైన్లు లేవు. పక్కన కూర్చుని "తిన్నావా?" అని అడిగేవాళ్ళే కావాలి.