ఓర్చినమ్మకు తేటనీరేనా?

కొన్నేళ్ళ క్రితం మాట. భర్త కొట్టి గెంటేస్తే ఇద్దరు పిల్లలతో పుట్టింట్లో వుంటున్న ఒకామె మా కార్యాలయానికి మూడోసారి వచ్చింది. మనోవర్తి కేసు మళ్ళీ వాయిదా పడింది. బయట బెంచీ మీద ఇంకో ఇద్దరు కూర్చుని వున్నారు. సాయంత్రం నాకు మరో చోట సమావేశం వుంది. "కాస్త ఓపిక పట్టమ్మా, వచ్చే నెలే కదా వాయిదా" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఓపిక నాకు కొత్త కాదు మేడమ్. పన్నెండేండ్ల నుంచి అదే పట్టినా. మా అమ్మా అదే చెప్పింది, పెద్దమనుషులూ అదే చెప్పినారు. మీరన్నా వేరే మాట చెబుతారని వచ్చినా" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. స్త్రీల హక్కుల గురించి రాసేదాన్ని, మాట్లాడేదాన్ని. అవసరం వచ్చినప్పుడు నా నోట్లోంచి కూడా ఆమె తల్లి మాటే, కులపెద్దల మాటే వచ్చింది. ఇది నా ఒక్కదాని పొరపాటు కాదేమో, మనందరం కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమేమోనని ఈ సంపాదకీయం.

"ఓర్చినమ్మకు తేటనీరు" అని మన సామెత. గమనించండి, ఓర్చినయ్యకు అనలేదు. బురదనీళ్ళు తేరుకునే దాకా కడవ పక్కన పెట్టుకుని కూర్చునేది ఆడమనిషే కాబట్టి సామెత కూడా ఆమె పేరు మీదే పుట్టింది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు వూరేదాకా కాచుకున్న అనుభవం అందులో వుంది. ఆ అనుభవాన్ని కాదనలేం. అయితే ఆ సామెత ఒక షరతు మీద మాత్రమే నిజమవుతుంది. నీళ్ళను ఎవరూ కలపకుండా వుండాలి. పైనుంచి ఒకరు అదే పనిగా కలుపుతూ వుంటే, ఎంతసేపు కూర్చున్నా బురదే మిగులుతుంది. స్త్రీకి సహనం బోధించే వారెవరూ ఈ షరతు గురించి మాట్లాడరు. కలిపే చేతిని పట్టుకోరు. కూర్చున్నామెనే ఇంకాసేపు కూర్చోమంటారు.

ఓర్పు పుట్టుకతో స్త్రీలకు వచ్చే గుణమని చాలామంది నమ్మకం. నిజానికి అది నేర్పించిన విద్య. అన్నయ్య అన్నం తిని లేచేదాకా ఆగడంతో మొదలవుతుంది. అదే ఇంట్లో మగపిల్లవాడు కంచం విసిరేస్తే "వాడికి కోపం ఎక్కువ, వాళ్ళ తాత పోలిక" అని ముచ్చటగా చెప్పుకుంటారు. ఆడపిల్ల గొంతు పెంచితే "గయ్యాళి" అంటారు. ఒకరి అసహనం స్వభావం కింద చెల్లుతుంది, మరొకరి అసహనం తప్పు అవుతుంది. పితృస్వామ్యం శ్రమను విభజించినట్టే సహనాన్నీ విభజించింది.

ఈ విభజనకు లెక్కలు కూడా వున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. 2024లో మళ్ళీ లెక్కించారు. స్త్రీలకు 289, పురుషులకు 88. అయిదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించే లోపే, వాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయని కనపడుతుంది. తగ్గిన పని ఎటు పోయిందో గానీ పంపకం మాత్రం జరగలేదు. "మెల్లగా మారతారు, ఓపిక పట్టు" అని కొత్త కోడలికి చెప్పే మాట ఈ అంకెల ముందు ఎంతవరకు నిలుస్తుంది?

ఇంటిపని దగ్గర అలసటగా కనిపించే ఈ ఓర్పు, హింస దగ్గరికి వచ్చేసరికి ప్రాణం మీదికి వస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సహాయం కోరినవారు 14 మందే. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి దాదాపు 84 మంది వున్నారు. స్వయం సహాయక సంఘాలకూ స్త్రీల ఉద్యమాలకూ పేరు పొందిన నేల మీద ఈ అంకె రావడం మనం తలదించుకోవాల్సిన విషయం. ఆ స్త్రీలను తప్పు పట్టడం తేలిక. కానీ కొట్టినా ఓర్చుకోవడం మంచి ఆడదాని లక్షణమని తరతరాలుగా నేర్పిన చోట, కొట్టడం తప్పని ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ తాను పడిన ఓర్పుకు అర్థం లేకుండా పోతుంది. ఆ ఒప్పుకోలు ఎంత కష్టమో మనం అర్థం చేసుకోవాలి.

ఇందులో అన్నిటికంటే క్రూరమైన విషయం మరొకటి వుంది. మొదట ఓర్చుకోమని చెప్పే సమాజమే, చివరికి ఆమె నోరు తెరిచినప్పుడు "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?" అని అడుగుతుంది. స్టేషన్‌లో అడుగుతారు, కోర్టులో అడుగుతారు, ఆఫీసు విచారణలో అడుగుతారు. ఆమె చూపిన సహనమే ఆమె మీద సాక్ష్యమవుతుంది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం వుంటే కమిటీ మరో మూడు నెలలు మాత్రమే పొడిగించగలదు. "చిన్న విషయం, ఉద్యోగం పోగొట్టుకోకు, చూద్దాం" అని స్నేహితులు చెప్పిన మాట విని ఏడు నెలలు ఓర్చుకున్న స్త్రీకి, ఆ తర్వాత కూడా వేధింపు సాగుతుంటే తప్ప, ఈ చట్టం కింద కమిటీ తలుపు మూసుకుపోతుంది. అంటే ఓపికకు ఖరీదు వుంది. ఆ ఖరీదు ఓపిక పట్టమన్నవాళ్ళు కట్టరు.

చట్టం తన వంతుగా అధికారులకు కూడా గడువులు పెట్టింది. గృహహింస చట్టం, 2005 ప్రకారం దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల లోపు మొదటి విచారణ తేదీ వేయాలి. అక్కడి నుంచి 60 రోజుల్లో పరిష్కరించడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. వేధింపుల ఫిర్యాదు మీద కమిటీ విచారణ 90 రోజుల్లో ముగియాలి. కోర్టుల చుట్టూ తిరిగే మన కార్యకర్తలకు ఈ గడువులు ఎలా అమలవుతాయో చెప్పనక్కరలేదు. మరోవైపు 498ఎ కేసుల్లో 2022లో అలహాబాద్ హైకోర్టు రెండు నెలల "శాంతించే గడువు" పెట్టింది, ఆ లోపు అరెస్టు వద్దంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ప్రభుత్వ యంత్రాంగం దాటకూడని గడువులు కాగితం మీద వుండిపోతే, స్త్రీ ఆగి తీరాల్సిన గడువులు మాత్రం అమలవుతాయి. చట్టసభల్లో మూడోవంతు స్థానాల బిల్లు 1996లో మొదటిసారి పార్లమెంటుకు వచ్చింది, 2023లో గానీ చట్టం కాలేదు. అప్పుడు కూడా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతుతో వచ్చింది.

పని దగ్గర ఇదే ఓర్పుకు "సేవ" అని పేరు పెట్టారు. అంగన్‌వాడీ వ్యవస్థ 1975లో మొదలైంది. ఆశా కార్యకర్తలు 2005 నుంచి వున్నారు. ఒకరికి ఇచ్చేది "గౌరవ వేతనం", మరొకరికి ఇచ్చేది "ప్రోత్సాహకం". జీతం అన్న మాట మాత్రం ఎవరూ అనరు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు అవార్డు ఇచ్చింది. మంచిదే, కానీ అవార్డుతో బియ్యం రావు. అదే ఏడాది ఏప్రిల్‌లో, అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు వుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గ్రాట్యుటీనీ పెరిగిన వేతనాన్నీ అడుగుతూ ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. సమ్మె మధ్యలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులు, పని ఆపినప్పుడు అత్యవసర సిబ్బంది! స్త్రీల ఓర్పు మీద నడిచే వ్యవస్థ అసలు రూపం ఆ ఒక్క ఉత్తర్వులో బయటపడింది.

ఇక్కడ మన సంస్థల మాట కూడా అనుకోవాలి. గ్రామాల్లో తిరిగే మన కార్యకర్తల్లో ఎంతమందికి నెల మొదట్లో జీతం అందుతోంది? ప్రాజెక్టు నిధులు ఆలస్యమైతే "ఉద్యమం కోసం కాస్త ఓర్చుకోండి" అని మనం అనడం లేదా? రాత్రి తొమ్మిదింటికి ఫోనొస్తే పరుగెత్తే అమ్మాయికి ఆ రోజు సెలవు కలుపుతున్నామా? బయట వున్న దోపిడీ గురించి గట్టిగా మాట్లాడే మనం, లోపల మాత్రం త్యాగం అన్న మాట వాడితే మనకూ వాళ్ళకూ తేడా ఏముంటుంది?

అయితే ఓపిక అనే మాటనే పారేద్దామా? అలా అనడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన స్త్రీలు ఒక్క రోజు ఆవేశంతో లేచినవారు కాదు. రాత్రిపూట అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని, పాఠంలో తమ బతుకే చూసుకుని, ఒకరికొకరు చెప్పుకుని, అప్పుడు రోడ్డు మీదికి వచ్చారు. రోశమ్మ లాంటివారి వెనుక ఆ నెలల తరబడి కూడిక వుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు కూడా. గెలిచింది నిలుపుకోవడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలని అప్పుడే తెలిసింది. కానీ ఇది దెబ్బలు కాచుకునే ఓర్పు కాదు. నలుగురితో కలిసి, తమ గడువు తామే పెట్టుకుని, ఎటు వెళ్తున్నామో తెలిసి పట్టే ఓపిక. ఒకటి మన మీద రుద్దింది, రెండోది మనం ఎంచుకున్నది.

కాబట్టి "ఓపిక పట్టు" అని ఎవరు ఎవరితో అన్నా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకుందాం. ఎప్పటిదాకా? ఈలోగా నష్టం ఎవరికి? ఈలోగా అవతలివాళ్ళు ఏం చేస్తారు? జవాబు లేకపోతే అది సలహా కాదు, నోరు మూయించడం.

మన కేంద్రాల్లో రెండు పనులు వెంటనే చేయవచ్చు. మొదటిది, ఎదురుచూడాల్సి వస్తే దరఖాస్తు పెట్టి ఎదురుచూద్దాం, పెట్టకుండా కాదు. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని 2020లో రజనీష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఒకసారి మాట్లాడి చూద్దాం" అంటూ మనం ఆపిన ప్రతి నెలా ఆమె డబ్బులోంచి పోతుంది. రెండోది, రాజీ కుదిర్చి పంపితే మళ్ళీ ఎప్పుడు కలవాలో, ఆ లోపు అతను ఏం చేయడానికి ఒప్పుకున్నాడో రిజిస్టరులో రాసి ఇద్దరి సంతకాలూ తీసుకుందాం. తేదీ లేని రాజీకి ఒప్పుకోవద్దు.

మరో మాట. ఎన్నిసార్లు చెప్పినా ఆమె మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళిందని మనం విసుక్కుంటూ వుంటాం. ఇల్లు లేదు, చేతిలో పని లేదు, పిల్లల చదువు మధ్యలో వుంది. ఏ రోజు బయటికి రావాలో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. ఆమె నాలుగోసారి వచ్చినా మొదటిసారి వచ్చినట్టే కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఓపిక పట్టాల్సింది అక్కడ మనం.

ఆ రోజు నా దగ్గరికి వచ్చినామెకు మనోవర్తి ఉత్తర్వు రావడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. ప్రతి వాయిదాకీ ఆమెతో ఎవరో ఒకరం కోర్టుకు వెళ్ళాం. నేను మాత్రం ఆమెతో మళ్ళీ ఆ మాట అనలేదు. "ఈసారి ఎందుకు వాయిదా వేశారో కనుక్కుందాం పద" అన్నాను. ఆమె అడిగిన వేరే మాట అదేననుకుంటాను.