బోనస్ 78 రోజులు, అందేది నెల వేతనానికి తక్కువ

ఖరగ్‌పూర్: దసరా సమీపించగానే ఈ రైల్వే పట్టణంలో వర్క్‌షాపు కార్మికులు మొదలు బజారు వ్యాపారుల వరకు అందరూ ఎదురుచూసేది బోనస్ ప్రకటన కోసమే. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం సుమారు 10.9 లక్షల మంది నాన్ గెజిటెడ్ రైల్వే ఉద్యోగులకు 78 రోజుల వేతనాన్ని బోనస్‌గా ఆమోదించింది.

వినడానికి ఇది రెండున్నర నెలల జీతం. అయితే లెక్కకు తీసుకునే వేతనంపై నెలకు రూ.7,000 పరిమితి ఉన్నందున ఒక్కొక్కరికి గరిష్ఠంగా దక్కేది రూ.17,951 మాత్రమే. 2016 జనవరి 1 నుంచి వర్తించిన ఏడో వేతన సంఘం సిఫార్సుల మేరకు కనీస మూలవేతనమే రూ.18,000 కావడం గమనార్హం.

1974 మేలో జరిగిన దేశవ్యాప్త రైల్వే సమ్మె ప్రధాన కోర్కెల్లో బోనస్ ఒకటి. 1979-80లో అది ఉత్పాదకతతో ముడిపడి అమల్లోకి వచ్చింది. కానీ దశాబ్దానికి పైగా రోజుల సంఖ్య 78 వద్దే నిలిచిపోయింది. శ్రమ పెరిగినా తగ్గినా మారని మొత్తం ఆనవాయితీ అవుతుందే తప్ప ప్రోత్సాహకం కాజాలదు. ప్రకటించిన దానికీ చేతికందిన దానికీ పొంతన లేకపోతే ఉద్యోగికి యాజమాన్యం మాటపైనే నమ్మకం సడలుతుంది.

రూ.18,000 ప్రాతిపదికన లెక్కిస్తే బోనస్ రూ.46,000 దాటుతుంది. ఖజానాపై భారం రెండున్నర రెట్లకు పెరుగుతుందన్నది కాదనలేని వాస్తవం. అందువల్ల పరిమితిని దశలవారీగానైనా పెంచడం సమంజసం. అంతవరకు 78 రోజులన్న మాట కాగితానికే పరిమితం.