సంధిబిగువే గృహరక్ష

2024 డిసెంబరు 4 వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించెను. ఆ కదలిక పెద్దపల్లివారికిని తెలిసినది. గొప్ప నష్టము కలుగలేదు గనుక మనము వెంటనే మరచితిమి. 1969 ఏప్రిల్ 13 న భద్రాచల ప్రాంతమును భూకంపము కుదిపెను. గోదావరీతీరము నిశ్చలమని నమ్మియుండుట వివేకము కాదు.

ఇల్లు కట్టించువారు సిమెంటు మేలైనదా, స్తంభము లావైనదా యని విచారింతురు. దూలము స్తంభముతో గలియు సంధిని మాత్రము చూడరు. భూమి కదలినపుడు దూలపు చువ్వలు ఒక ప్రక్క లాగబడి, మరియొక ప్రక్క నొక్కబడును. ఆ ఒత్తిడి యంతయు సంధిపై బడును. అచ్చట ఇనుప రింగులు లేనిచో కాంక్రీటు ఏటవాలుగా బగులును. దూలము వంగినను ప్రాణములు దక్కవచ్చును. స్తంభమో సంధియో చెడినచో పై అంతస్తులే మీద గూలును. 2001 భుజ్ భూకంపమున దూరముననున్న అహమ్మదాబాదులో సైతము బహుళాంతస్తుల భవనములు నేలగూలినవి.

సంధియందును రింగులు వేసి, వాని కొనలను 135 డిగ్రీలు లోనికి వంచవలెనని భారతీయ ప్రమాణము 13920 శాసించుచున్నది. చువ్వలు దట్టమైన చోట రింగు దూర్చుట కష్టమని విడుచుట కలదు. ఆ దోషము పనివానిది మాత్రమే కాదు, చూడని మనది కూడ.

కాంక్రీటు పోసిన పిమ్మట సాక్ష్యము కనబడదు. కూలిన పిదప న్యాయస్థానము శిక్షింపగలదేగాని పోయిన ప్రాణము నీయజాలదు. కావున శ్లాబు పోయుటకు ముందే పురపాలక సంఘము ఇంజనీరుచే ప్రతి సంధిని పరీక్షింపించవలెను. గృహస్థుడును ఆ దినమున నిచ్చెన యెక్కి రింగులు లెక్కించుకొనవలెను.