కోడింగ్ రాకపోయినా ఓపెన్ సోర్స్‌లో చేరొచ్చు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నా, నారాయణగూడ హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నా, మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున లినక్స్ ఉన్నట్టే. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ల స్టూడెంట్ లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ పనిని ఇవాళ వేలమంది కలిసి చేస్తున్నారు. కోడ్ ఎవరైనా చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు, పంచుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే.

‘మనకంత కోడింగ్ రాదు కదా’ అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ తెలుగు వస్తే చాలు, ఓ దారి ఉంది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌నే తీసుకోండి. దాని మెనూలను తెలుగు చేస్తున్నది వాలంటీర్లు. మొజిల్లా వాళ్ల ‘పాంటూన్’ సైట్లో అకౌంట్ తెరిచి తెలుగు ఎంచుకుంటే, ఇంగ్లిష్ మాటలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. మీరు తెలుగు మాట సూచిస్తారు. అనుభవమున్నవాళ్లు చూసి ఓకే చేస్తారు.

వినడానికి తేలికే. సరే, ‘సేవ్’ బటన్‌కి తెలుగు చెప్పండి. ‘దాచు’ అంటారా? డబ్బులు దాచుకుంటాం కాబట్టి బానే ఉంది. మరి ‘హైడ్’కి? అదీ ‘దాచు’నే! రెండూ పక్కపక్కనే ఉంటే వాడేవాళ్ల గతేంటి? అందుకే సేవ్‌కి ‘భద్రపరచు’ లాంటి మాట కావాలి. ఇలాంటి చిక్కు తెలుగు మాట్లాడేవాళ్లకే తెలుస్తుంది.

ముందు ఆ ప్రాజెక్టు నియమాలు చదవండి. మీసాల బ్రాకెట్లో కోడ్ ముక్క ఉంటే ముట్టుకోవద్దు. యాప్ అక్కడ పేరో అంకెనో పెట్టుకుంటుంది. తెలుగు వాక్యానికి తగ్గట్టు దాన్ని అటూఇటూ జరపొచ్చు, తీసెయ్యకూడదు. ఒకేసారి యాభై పంపకుండా ఐదు పంపి, ఏవి వెనక్కొచ్చాయో చూడండి. మెషీన్ అనువాదాన్ని యథాతథంగా అంటిస్తే చూసేవాళ్లకి రెట్టింపు పని.

కోడింగ్ వచ్చినవాళ్లు గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అన్న లేబుల్ వెతకండి. రెజ్యూమె కోసం ఎక్కడో ఓ చుక్క మార్చి పంపితే విసుక్కుంటారు. బగ్ కనిపిస్తే ఏ వర్షన్, ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది రాయండి. అదీ కంట్రిబ్యూషనే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండిన కొత్తవాళ్లు అప్లై చెయ్యొచ్చు.

తలా ఓ చెయ్యి వెయ్యడం మన పేటకి కొత్తేం కాదు. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో అలాగే పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు పూనుకుంటేనే నిజాం కాలంలో ఇక్కడ తెలుగు పుస్తకానికి ఓ చోటు దొరికింది.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. ఫైర్‌ఫాక్స్‌ని తెలుగులోకి మార్చి నాలుగు రోజులు వాడండి. ఎబ్బెట్టుగా అనిపించిన మొదటి మాట రాసిపెట్టుకోండి. మీ పని అక్కణ్నుంచే మొదలవుతుంది.