ఏ ఓడ ఎక్కవలెను?

ఉపమాలంకారమును బోధించు దినమున తరగతిలో ఒక ప్రశ్న వేయుట నాకు అలవాటు. "ఆమె ముఖము చంద్రునివలె నున్నది" అని నల్లబల్లపై వ్రాసి, ఇందులో లోపించినదేమని అడుగుదును. ముఖము ఉపమేయము, చంద్రుడు ఉపమానము, 'వలె' అనునది ఉపమావాచకము. ఈ మూడును కనబడుచున్నవి. నాల్గవదియగు సాధారణధర్మము, అనగా ఏ గుణమునుబట్టి పోల్చుచున్నామో ఆ గుణము, అందు లేదు. అందము చేతనా, చల్లదనము చేతనా, గుండ్రదనము చేతనా? చెప్పనిచో వినువాడు తనకు తోచినదానిని పూరించుకొనును. కావ్యములో దీనిని లుప్తోపమ యని ఆదరింతుము. సొమ్ము చెల్లించి కొను వస్తువుల విషయమున మాత్రము ఆ ఖాళీని అమ్మువాడు పూరించును. ఈ సంగతి ఇటీవల రెండు ఓడల మూలమున నాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

నాగాయలంకలో మా వీధిలోనే కాపురమున్న ఉపాధ్యాయ దంపతులు ఒక ఏడాది తేడాతో ఉద్యోగ విరమణ చేసిరి. ఆయన ప్రధానోపాధ్యాయులుగా పనిచేసినవారు. ఆమె దివిసీమలోని ఒక లంక బడిలో చిరకాలము పాఠములు చెప్పినవారు. జీవితమున ఒక్కమారైనను విహారనౌక ఎక్కవలెనని వారి కోరిక. ఒక ఆదివారము ఉదయము రెండు రంగురంగుల పత్రములు చేతబట్టుకొని మా అరుగుమీదికి వచ్చిరి. "మాష్టారూ, మీరు నాలుగు పుస్తకాలు చదివినవారు. ఈ రెండింట్లో ఏది మేలో కాస్త పోల్చి చెప్పండి" అని ఆయన అడిగిరి.

మొదటి పత్రము ఎంప్రెస్ అను ఓడను గూర్చినది. ఆ ఓడ 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మాణమై, 'నార్డిక్ ఎంప్రెస్' అను పేరుతో రాయల్ కరీబియన్ సంస్థవారి యొద్ద నుండి, పలుమార్లు పేరు మార్చుకొని, 2021లో కార్డీలియా సంస్థవారి ద్వారా మన దేశమునకు వచ్చినది. 2022 జూన్ మాసమున విశాఖపట్టణమునుండి ప్రయాణములు జరిపినది. అటుపిమ్మట 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు విహారనౌకలకొఱకు ప్రత్యేకముగ ఒక టెర్మినల్ ప్రారంభమైనది. రెండవ పత్రము గెంటింగ్ డ్రీమ్ అను ఓడను గూర్చినది. 2016లో జర్మనీ దేశమున కట్టిన ఈ ఓడ 2022నుండి సింగపూరు రేవు ఆధారముగా విహారములు సాగించినది. మనవారిలో సింగపూరు చూడబోయినవారు పలువురు దీనినే ఎక్కి వచ్చిరి.

హెడ్‌మాస్టరుగారి చూపు అంకెలమీద నిలిచినది. ఎంప్రెస్ సుమారు 48,500 టన్నులు, గెంటింగ్ డ్రీమ్ 1,50,000 టన్నులకు పైమాటే. మొదటిదాని పొడవు 211 మీటర్లు, రెండవదాని పొడవు 335 మీటర్లు. "మూడింతలు పెద్దదండీ!" అనిరి. ఇచ్చట ఒక మాట చెప్పవలసి వచ్చినది. విహారనౌకకు చెప్పెడి ఈ టన్ను బరువు కాదు. పూర్వము ఐరోపాలో ఓడ ఎన్ని ద్రాక్షసారాయి పీపాలను మోయగలదో చూచి దాని పరిమాణమును నిర్ణయించెడివారు. 'టన్' అనగా ఆ పెద్ద పీపా. నేటికిని ఓడల స్థూల టన్నులనగా లోపలి చోటును తెలుపు కొలతయే కాని తూకము కాదు. కావున టన్నులు పెరిగినంతమాత్రమున మనకు దక్కు చోటు పెరిగెననుకొనరాదు. ఆ చోటును ఎందరు పంచుకొందురో చూడవలెను.

గదికి ఇద్దరు చొప్పున ఎంప్రెస్‌లో సుమారు 1,600 మందికి, గెంటింగ్ డ్రీమ్‌లో సుమారు 3,350 మందికి వసతి కలదు. భాగించి చూడగా తలకు మొదటిదానిలో 30 టన్నులు, రెండవదానిలో 45 టన్నులు వచ్చును. ఓడ మూడింతలైనను మనిషి వాటా ఒకటిన్నర రెట్లు మాత్రమే. అదియైనను సరాసరి లెక్క. పెద్ద ఓడలో 'ప్యాలెస్' అను పేరుతో అధిక ధర చెల్లించువారికి ప్రత్యేకించిన భాగమొకటి కలదు. చౌక టిక్కెట్టువారి వాటా లెక్కలో ఆ చోటును కలిసియున్నది, అనుభవములో మాత్రము లేదు. ఊరిలో తలసరి భూమి రెండెకరములని లెక్క తేలినంతమాత్రమున కౌలురైతు పేరున సెంటు భూమి ఏర్పడునా?

ఇక ధర మాట. పత్రమునందు పెద్ద అక్షరములతో అచ్చువేయు ధర సాధారణముగా ఇద్దరు పంచుకొను గదిలో ఒకరికి చెల్లు ధర. అదియు మిక్కిలి చౌకయైన లోపలి గదికి. దానిపై రేవు రుసుములు, పన్నులు, పనివారి బహుమానములు చేరును. సింగపూరు ఓడకైనచో విమానపు ఖర్చు, పాస్‌పోర్టు, వీసా వేరుగా లెక్కింపవలెను. విశాఖలో ఎక్కి చెన్నపట్టణమున దిగువారికి ఈ బెడద లేదు. కాని ఆ ఓడ ఏడాది పొడవున విశాఖలో నుండునది కాదు. దాని వేళలు ముందుగా విచారించుకొనవలెను.

ఋతువును గూడ చూడవలెను. సుమాత్రా దీవి అడ్డుగా నున్నందున మలక్కా జలసంధి సాధారణముగా శాంతముగా నుండును. మన బంగాళాఖాతము అట్టిది కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనయు ఒకే మాసమున వచ్చినవని పిల్లలకు ఏటేట చెప్పుచుందుము. టిక్కెట్టు కొనునపుడు దానిని మరచుట ఎందులకు? వాతావరణము బాగుగా లేనిచో దారి మార్చుటకు, రేవును వదలివేయుటకు సంస్థకు హక్కుండునని టిక్కెట్టు నిబంధనలలో చిన్న అక్షరములతో వ్రాసియుండును. పెద్ద అక్షరములను ఆయన చదివిరి, చిన్న అక్షరములను నేను చదివి వినిపించితిని.

అంతవరకు మౌనముగా వినుచున్న ఆమె ఒకే ప్రశ్న వేసిరి. "అన్నయ్యగారూ, మా గదికి కిటికీ ఉంటుందా?"

నాకు సిగ్గువేసినది. అలంకారశాస్త్రము బోధించు నేను అరగంటసేపు అంకెలు పోల్చితినే కాని సాధారణధర్మమేదో అడుగనే లేదు. రెండు ఓడలలోను కిటికీ లేని గదులు కలవు. చౌక ధర వానికే. ఆమెకు కావలసినది సముద్రము, ఆయనకు కావలసినది నాటకశాల, పదిరకముల భోజనశాలలు, మనుమలకు జారుడుబల్లలు. ఆయన కోరికకు పెద్ద ఓడయే తగినది. అది నీటిపై తేలు పట్టణము. అందున్నవారు సముద్రమును మరచి కాలము గడుపుటకే దానిని కట్టిరి. ఆమె కోరికకు పాతదైనను చిన్న ఓడలో కిటికీగల గది చాలును. ఇందులో ఏది గొప్పయని తీర్పు చెప్పువాడు ఇరువురిలో ఒకరి కోరికను కొట్టివేసినవాడగును. ఏది ఎవరికి తగునని మాత్రమే చెప్పవచ్చును.

ఆమె రెండవ ప్రశ్న: "ఆ ఓడల్లో అందరికీ జాకెట్లు ఇస్తారటగా?"

ఇత్తురు. దాని వెనుక పెద్ద చరిత్ర కలదు. 1912లో టైటానిక్ మునిగిననాడు దానిపై సుమారు 2,200 మంది యుండగా, రక్షణ పడవలలో 1,178 మందికి మాత్రమే చోటుండెను. ఆనాటి చట్టము ప్రకారము అదియే ఎక్కువ! పడవల సంఖ్యను నిర్ణయించిన నియమము 10,000 టన్నుల ఓడ దగ్గర ఆగిపోయినది. ఓడలు పెరిగినను నియమము పెరుగలేదు. ఆ ఘోరము పిమ్మట 1914లో సముద్రముపై ప్రాణరక్షణకొఱకు అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడినది. 2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా రాతికి తగిలి ఒరిగి 32 మంది చనిపోయిరి. ఆ దినముననే ఎక్కిన ప్రయాణికులకు ఆపద వేళ ఎచ్చట గుమికూడవలెనో ఇంకను నేర్పియుండలేదు. తరువాత నియమము మారినది. ఓడ కదలుటకు ముందుగానో, కదలిన వెంటనేయో ఆ శిక్షణ జరిగితీరవలెను. కనుక ఈ విషయమున మన రెండు ఓడలలో ఎక్కువ తక్కువ లేదని చెప్పితిని. శిక్షణ వేళ గదిలో నిద్రపోని ప్రయాణికుడే క్షేమముగల ప్రయాణికుడు.

ఆమె కొంతసేపు ఆగి ఇట్లనిరి: "ఇరవై ఏళ్లు పంటు మీద బడికి వెళ్లివచ్చానండీ. సైకిళ్లు, మోటారు బళ్లు, గడ్డిమోపులు, పిల్లలు, అన్నీ ఒకే బల్లల మీద. ఒక్కనాడూ ఎవరూ నాకు జాకెట్ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. బడికి వేళవుతోందని పరుగెత్తి ఎక్కడమే."

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము. ఏ ఓడకు శతాబ్దముపాటు చట్టములు కాపలా కాయుచున్నవో ఆ ఓడను గూర్చి మనము నూరు ప్రశ్నలు వేయుచున్నాము. ఏ పడవకు కాపలా బలహీనమో దానిని గూర్చి ఒక్క ప్రశ్నయు వేయము. 2017 నవంబరు 12న మన కృష్ణలోనే, పవిత్ర సంగమము వద్ద, అనుమతి లేని పడవ జనము ఎక్కువై బోల్తాపడగా ఇరువదిమందికి పైగా చనిపోయిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో, పాపికొండల విహారమునకు పోవు పడవ కచ్చులూరు వద్ద మునిగి యాభైమంది వరకు జలసమాధి యైరి. 2024 జనవరి 18న గుజరాతులోని వడోదరలో పాఠశాల విహారయాత్రకు వచ్చిన పన్నెండుమంది పిల్లలు, వారితోనున్న ఇద్దరు ఉపాధ్యాయినులు చెరువులో మరణించిరి. అది సముద్రము కాదు, నది కాదు, ఊరి నడుమ చెరువు.

ఇవి విహారమునకు పోయినవారి కథలు. మన ఊరికిని బడిపిల్లలు విహారమునకు వచ్చుచుందురు. శ్రీరామపాదక్షేత్రము రేవులో నిలిచి కృష్ణను చూచినవారికి పడవ ఎక్కవలెననిపించుట సహజము. మడ అడవుల పచ్చదనము, నదీసాగర సంగమము పుస్తకమున చదువుటకంటె కన్నులార చూచుట మేలు. పడవ ప్రయాణములు మానుడని నేను చెప్పుట లేదు. నీటికి వెరచువాడు దివిసీమలో బ్రతుకజాలడు. కాని బస్సు మాట్లాడునపుడు బేరమాడు ఉపాధ్యాయుడు పడవ ఎక్కునపుడు నాలుగు మాటలు అడుగవలెను. ఇందులో ఎంతమందికి అనుమతి? తలకొక జాకెట్ కలదా, అందు పిల్లల కొలతవి ఎన్ని? పడవను ఎప్పుడు తనిఖీ చేసిరి, సరంగుకు అర్హతాపత్రము కలదా? నేటి గాలి, పోటుపాటుల మాట ఏమి? 1917నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టము నమోదును, తనిఖీని, నడపువారి అర్హతను గూర్చి నియమములు విధించినది. చట్టము కాగితముపై నుండును. దానిని రేవునకు దించునది ప్రయాణికుని ప్రశ్నయే.

"దినదినము దాటువారికి ఇవన్నియు సాగునా? పడవ తప్పినచో కూలి పోవును, బడి పోవును" అని కొందరందురు. నిజమే. వంతెన లేని లంకవాసికి రెండు పడవలను పోల్చి చూచు భాగ్యము లేదు. ఉన్నదొక్కటే పడవ, ఎక్కక తప్పదు. అందువలననే ఎంపిక గలవారిపై బాధ్యత ఎక్కువ. విహారమునకు వచ్చినవాడు "జాకెట్ లేనిదే ఎక్కను" అని వెనుకకు మరలినచో వానికి పోవునది ఒక సాయంకాలము. వానికొఱకు పడవలోనికి వచ్చిన జాకెట్ మరునాడు ఎంపిక లేనివానికిని అందుబాటులో నుండును.

ఆ దంపతులు వచ్చు వేసవిలో, విశాఖ ఓడ వేళలు తెలిసిన పిమ్మట, కిటికీగల గదికే టిక్కెట్టు కొనవలెనని నిశ్చయించుకొనిరి. జారుడుబల్లలు మనుమలు వచ్చినప్పుడు చూచుకొందమని హెడ్‌మాస్టరుగారు సమాధానపడిరి.

తరువాతి ఆదివారము రేవులో ఒక బడి పిల్లలు పడవ ఎక్కుచుండిరి. ఆమె మెల్లగా మెట్లు దిగి, "ఎంతమందికి అనుమతి నాయనా?" అని సరంగును అడిగిరి. అతడు ఆమె ముఖము చూచి, తలలు లెక్కపెట్టి, ఎనిమిదిమందిని రెండవ విడతకు ఆపెను. ఆగిన పిల్లలు చిన్నబుచ్చుకొనిరి. కొంతసేపటికి పడవ తిరిగి వచ్చినది. జాకెట్లు తొడుగుకొని వారును ఎక్కి పోయిరి.