ఉద్యోగమిచ్చుటకు ముందు విచారణ

మధ్యప్రదేశములోని దమోహ్ పట్టణమున ఒక ఆసుపత్రిలో హృద్రోగ నిపుణుడుగా చేరి రోగులకు గుండె చికిత్సలు జరిపిన వ్యక్తి నొకనిని 2025 ఏప్రిలులో పోలీసులు నిర్బంధించిరి. అతడు చూపిన పత్రములు నకిలీవనియు, అతని చికిత్సకు లోనైన రోగులు పలువురు మృతినొందిరనియు అభియోగము. నేరము నిర్ణయించుట న్యాయస్థానము పని. ఆ విషయమున మేము ముందుగా తీర్పు చెప్పబోము. కాని ఆ వార్త చదివిన ప్రతివానికిని ఒక ప్రశ్న తోచక మానదు. వైద్యుల పట్టిక రహస్యమైనది కాదు. జాతీయ వైద్య కమీషనువారి వెబ్‌సైటున పేరును, నమోదు సంఖ్యను వెదకుట కొలది నిమిషముల పని. ప్రాణములను చేతిలో పెట్టుటకు ముందు ఆ కొలది నిమిషములు ఎవరు వెచ్చించిరి?

దమోహ్ మనకు దూరమని ఊరకుండుటకు వీలు లేదు. మనలో భూవసతి గలవారు ఎద్దును కొనునపుడు పండ్లు చూతురు, సుడులు చూతురు, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచినగాని బయానా ఇయ్యరు. పొలము కౌలుకిచ్చునపుడు ఆ కౌలుదారు నిరుడు ఎవరి చేను చేసెనో, మక్తా సరిగా చెల్లించెనో లేదో ఊరెల్ల విచారింతురు. అట్టి పెద్దలే పాఠశాలా సంఘములో కూర్చుండి ఉపాధ్యాయుని నియమించునపుడు, ధాన్యపు గిడ్డంగికి గుమాస్తాను పెట్టుకొనునపుడు, పిల్లలను బడికి చేర్చు బస్సునకు డ్రైవరును కుదుర్చుకొనునపుడు, తెలిసినవారు వ్రాసియిచ్చిన ఉత్తరముముక్కతో తృప్తి నొందుచున్నారు. సిఫారసు విచారణ కానేరదు. సిఫారసు చేయువాడు తరచుగా అభ్యర్థి యోగ్యతను గాక, తనకును మనకును గల చుట్టరికమునే జ్ఞాపకము చేయుచుండును.

అయోగ్యుడు చేరినచో యజమానికి నష్టము కలుగునని అందరును చెప్పుదురు. అంతకు పూర్వమే నష్టపడినవాడు మరియొకడు కలడు. తండ్రి అప్పుచేసి చదివింపగా, నిజముగా పరీక్ష నిచ్చి, నిజమైన పట్టా పట్టుకొని అదే గుమ్మము నెక్కి రిక్తహస్తములతో దిగిపోయిన యువకుడు వాడు. వాని పేరు ఏ దస్త్రములోను ఉండదు. తప్పుడు కులపత్రముతో సంపాదించిన ఉద్యోగమును, అందులో ఎన్ని యేండ్లు గడచినను, రక్షింపరాదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పుటకు మూలము ఈ న్యాయమే. ఆ స్థానము ఎవరికై ప్రత్యేకింపబడెనో వారినుండి అది అపహరింపబడినది.

కాగితముపైనున్న ముద్రను చూచి నమ్ముటయు చాలదు. 2022లో హైదరాబాదు పోలీసులు నకిలీ పట్టాల అభియోగముపై భోపాలులోని యొక ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఉపకులపతినే నిర్బంధించిరి. పట్టా నిచ్చువాడే సందేహాస్పదుడైనచో ఏమి చేయవలెను? చదివిన కాలమున అభ్యర్థి ఎక్కడ నుండెనో, ఎవరివద్ద పనిచేసెనో కనుగొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, చేయవలసిన పనిని ఎదుట చేయించి చూడవలెను. లెక్కలు చెప్పువానిచేత ఒక పాఠము చెప్పించినచో పట్టా చెప్పని సంగతి తెలియును.

ఇంతవరకు చెప్పినది యజమానుల పక్షము. విచారణ యను పేర జరిగిన అన్యాయములను మన దేశము మరువరాదు. 1869లో సురేంద్రనాథ బెనర్జీ లండనులో సివిలు సర్వీసు పరీక్షయందు కృతార్థుడైనను, వయస్సు విషయమున భేదము కనబడినదని అధికారులు ఆయనను తొలగించిరి. ఆయన పూర్వము ప్రవేశపరీక్షకు వ్రాసినది మన దేశపు లెక్కను అనుసరించిన వయస్సు. ఆ మాట విన్నవారు లేకపోగా, ఆయన న్యాయస్థానమున కెక్కి తన స్థానమును తిరిగి పొందవలసి వచ్చెను. 1871లో మొదలైన నేరస్థజాతుల శాసనమైతే, మనుష్యుని నడవడితో పనిలేకయే పుట్టుకను బట్టి పోలీసు పుస్తకమున కెక్కించెను. నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము అట్టివారికై ఏర్పడిన సెటిల్‌మెంటే. శాసనము 1952లో రద్దయ్యెను గాని, అభ్యర్థి ఊరిపేరు వినగానే ముఖము చిట్లించు అలవాటు దానితోపాటు రద్దు కాలేదు. ఊరును, కులమును అడిగి తెలిసికొని దానినే విచారణ యనుకొను యజమాని, విచారింపని యజమానికంటె హెచ్చు కీడు చేయుచున్నాడు.

ఈ చిక్కున సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ వ్యాజ్యమున చూపిన మార్గము మాకు సమంజసముగా దోచుచున్నది. అడిగిన సంగతిని అభ్యర్థి నిజముగా చెప్పవలెను. దాచినచో తొలగించు అధికారము యజమానికి కలదు. అయినను నేరమెట్టిది, ఏ వయస్సున జరిగినది, చేయబోవు పని యెట్టిది యని తర్కింపక యంత్రమువలె వెళ్లగొట్టరాదు. లేతవయస్సున నినాదములు చేసి శిక్షపడినవాడు ఆ స్వల్పవిషయమును దాచినను క్షమింపవచ్చునని న్యాయమూర్తులు ప్రత్యేకముగా ఉదాహరించిరి. నినాదములు చేసి కారాగారముల కేగినవారివలన స్వతంత్రమైన దేశమున ఈ మాట చెప్పవలసి వచ్చుటయే వింత!

ఇకముందు బడులు తెరచులోపల మన పాఠశాలా సంఘములవారును, ఆసుపత్రుల యజమానులును ఈపాటి చేయవచ్చును. ఏమి విచారింపబోవుచున్నారో అభ్యర్థికి ముందే చెప్పి, అతని సమ్మతి వ్రాయించుకొని, పట్టాను గూర్చి విశ్వవిద్యాలయమునకును, నడవడిని గూర్చి పూర్వపు యజమానికిని తామే నేరుగా వ్రాయవలెను. జవాబు ప్రతికూలముగా వచ్చినచో ఆ కాగితమును అభ్యర్థికి చూపి, సమాధానము చెప్పుకొనుటకు గడువీయవలెను. పేరు కలిసినంతమాత్రమున ఒకని కేసు మరియొకని మెడకు తగులుకొనుట అసంభవము కాదు. తీసికొన్న ఆధారు నకళ్లను బీరువాలో తాళము వేసి యుంచవలెను. ఉద్యోగమీయనివారి కాగితములను తిరిగి ఇచ్చివేయవలెను. దీనికగు ఖర్చు నిరుద్యోగిపై వేయుట న్యాయము గాదు. జీతమిచ్చువారే దానిని భరింపవలెను.